మంద తూర్పుకు నడిచిన ఎండాకాలం

నర్సింహులపేట దాటిన కాసేపటికి మా బస్సు ఆగింది. ముందు ఒక లారీ టైరు పగిలి రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయింది. లారీ నిండా గొర్రెలు. మధ్యలో చెక్కలు కొట్టి రెండు అంతస్తులు చేసి, కింద కొన్ని, పైన కొన్ని కుక్కారు. బస్సులో వాళ్లు కిటికీలు మూసుకున్నారు. నా పక్కనున్న ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం నా కిటికీ ఇంకాస్త వెనక్కి జరిపాను. తడి ఉన్ని, పెంటికలు, పులిసిన పాలు కలిసిన ఆ వాసన లోపలికి రాగానే ఇక కూర్చోబుద్ధి కాలేదు. దిగిపోయాను.

లారీ పక్కన గొంగడి భుజాన వేసుకున్న నడివయసు మనిషి బీడీ తాగుతున్నాడు.

"యే ఊరు తమ్మీ మీది?"

"బచ్చన్నపేట దిక్కక్కా. గొర్లను ఘనపూర్ గుట్టలకు కొంచవోతున్నం. గాడ జర మేత ఉన్నదంటే."

"నడిపించుకుంట పోతలేరా?"

అతను నవ్వాడు. "ఎవలు నడుస్తరక్కా గిప్పుడు? నడుద్దమన్నా తొవ్వేది? యేడ జూసినా కంచెలేనాయె. పొద్దుగాల ఎక్కిస్తె పగటాల్లకు దించుతం."

అతనికి ఏదో చెప్పాలనిపించింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. టైరు మార్చేదాకా ఆ లారీ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

మాది కూడా బచ్చన్నపేట దిక్కే. రాళ్ల గుట్టలు, వాటి మధ్య చెల్కలు, వాన పడితే పత్తి, లేకపోతే లేదు. చెరువు నిండిన ఏడు వరి కూడా కనిపించేది. మా వాకిలి నుంచి చూస్తే గుట్ట మీద ఒకదాని మీదొకటి పేర్చినట్టు గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. చలికాలం పోయేలోగా ఆ చెట్ల ఆకులన్నీ రాలి గుట్ట బోడిగా అయ్యేది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరి కాలూ నిలిచేది కాదు. మా బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు మందను తోలుకొని తూర్పుకు, అడవులున్న గుట్టలకు పోయేవాళ్లు. వానలు పడ్డాకే మళ్లీ వచ్చేవాళ్లు. ఆడవాళ్లు ఊళ్లోనే ఉండేవాళ్లు. అది మా ఇళ్లలో ఎప్పుడూ ఉన్న పద్ధతి.

ఆ ఏడు చెరువు చాలా ముందుగానే ఎండింది. అదే సమయంలో, మందకు కొమ్మలు నరకడానికి తుమ్మ చెట్టెక్కిన బాపు కింద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముకలు కట్టే ఆయన పసరు కట్టు కట్టి, మంచం దిగొద్దన్నాడు. మందేమో ఆకలితో దొడ్లో నిలబడి ఒకటే అరుపు. చిన్నబాపు ఒక్కడితో అయ్యే పని కాదు. అతని మనసు కూడా మంద మీద లేదు. అతని దోస్తులు కొందరు భీవండి మగ్గాల్లో పనికి పోయారు. వాళ్లు పండక్కి వచ్చి చెప్పిన కబుర్లు విన్నప్పటి నుంచి దువ్వెన జేబులోంచి తీయడం, పెట్టడం, రోడ్డు వైపు చూడడం.

ఒక సాయంత్రం, నేను అవ్వా అని పిలిచే మా అమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి, "నేను పోత మంద ఎంట," అంది.

అవ్వ అంతకు ముందు బాపు మంచం దగ్గర నిలబడి అంత గట్టిగా మాట్లాడగా నేను చూడలేదు. తల మీది కొంగు జారేది కాదు, గొంతు గడప దాటేది కాదు. మా బాపమ్మ చాట పక్కన పెట్టేసింది.

"ఆడిది మంద ఎంట పోతదా? నలుగురు నవ్వరానే?"

దొడ్లో మంద అరుపు వైపు బాపు తల తిప్పాడు. తర్వాత బాపమ్మతో, "గొర్లు సచ్చినంక నవ్వినా ఒక్కటే, ఏడ్సినా ఒక్కటే. పోనియ్యవ్వా," అన్నాడు.

దారిలో ఈనిన పిల్లల్ని ఎత్తుకోవడానికి ఒక మనిషి కావాలంది అవ్వ. ఆ మనిషిని నేను. నాకప్పుడు పదేళ్లు కూడా లేవేమో. ఆ సంతోషంలో జొన్న గట్క తినలేక చెయ్యి కడుక్కున్నాను.

నడక మొదలైన రెండు రోజులు అవ్వ మంద వెనకాలే, తల వంచుకొని నడిచింది. మూడో రోజుకు పక్కకు వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో చూస్తే ముందుంది. కొంగు నడుముకు చుట్టి, కర్ర భుజం మీద అడ్డంగా పెట్టి, రెండు చేతులు దాని మీద వేసుకొని, అచ్చం బాపు నడిచినట్టే. అంత పెద్ద అడుగులు ఆమెకున్నాయని నాకు తెలియదు. నేను ఉరుకుతూ నడవాల్సి వచ్చేది.

పగలు మేపుతూ నడవడం, పొద్దుగూకే వేళకు ఎవరి చేనులోనో మంద పెట్టడం. గొర్రెలు పడుకుంటే ఆ భూమికి ఎరువు. అందుకు రైతులు జొన్నలో, నూకలో, ఇంత ఉప్పు చింతపండో ఇచ్చేవాళ్లు. దారి పొడుగునా మా తిండి అదే. మొదట్లో రైతులతో మాటలు చిన్నబాపు మాట్లాడేవాడు. అతను సిగ్గుపడుతూ ఇచ్చింది తీసుకునేవాడు. ఒకసారి ఒక రైతు పుచ్చిన జొన్నలు తెచ్చి పోయబోతే అవ్వ సంచి మూతి మూసింది.

"పటేలా, గిది మా గొర్లు సుత తినయి. రేపు నీ చేను పండినంక నువ్వే నన్ను యాది చేసుకుంటవ్. జర మంచియి తే."

ఆయన నవ్వి, ఇంట్లోకి పోయి వేరే జొన్నలు తెచ్చాడు. ఆ రాత్రి జొన్న గట్కలో పచ్చిపులుసు పోసుకొని తింటూ అవ్వ తనలో తనే రెండుసార్లు నవ్వుకుంది.

మానుకోట దిక్కుకు వచ్చేసరికి ఎర్రటి కల్లాలు. ఎటు చూసినా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. గాలి మా వైపు తిరిగిందంటే కండ్లు మండేవి. ముందు చిన్నబాపు తుమ్మాడు, తర్వాత నేను, తర్వాత మా వెంట వచ్చిన కుక్క, తర్వాత గొర్రెలన్నీ తుమ్మడం మొదలుపెట్టాయి. కాయలు ఏరే ఆడవాళ్లు తల రుమాళ్లు సర్దుకుంటూ పడీ పడీ నవ్వారు. అవ్వ కూడా వాళ్లతో కలిసి నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

ఆకేరు వాగులో నీళ్లు లేవు. ఇసుకలో చేత్తో చెలిమె తోడితే కాసేపటికి చల్లటి నీళ్లు ఊరేవి. మనుషులు తాగాక ఇంకా పెద్దగా తోడి గొర్రెలకు వదిలేవాళ్లం. అక్కడే నేనొక దొంగతనం మొదలుపెట్టాను. అందరూ చింత నీడలో నడుం వాల్చినప్పుడు, పాలున్న గొర్రె కిందికి పిల్లలాగే దూరి, నేరుగా నోట్లోకే పిండుకునేదాన్ని. వెచ్చగా, చిక్కగా, కొంచెం ఉన్ని వాసనతో ఉండేవి ఆ పాలు. ఒకనాడు చిన్నబాపు చూశాడు.

"ఓ వదినె! పిల్లలు తక్కువైనయన్నవ్ గదా, గీడ ఒకటి ఎక్కువున్నది సూడు, తోక లేనిది!"

పాకాల అడవి అంచు పట్టుకున్నాక గాలి మారింది. చెట్ల కింద నేలంతా ఇప్పపూలు. ఆ తీపి మత్తు వాసన తలకెక్కి, గొర్రెలు తలలు వంచితే ఎత్తేవి కావు. తునికి పండ్లు, మొర్రి పండ్లు, పాలపండ్లు తిని నా పెదవులు ఒకదానికొకటి అతుక్కునేవి. తొవ్వలో గంపలు నెత్తిన పెట్టుకొని మనుషులు ఎదురయ్యేవాళ్లు. ఇప్పపూలు ఎండబెట్టి అంగడికి పోయేవాళ్లు, చీపురు పుల్లల మోపులు మోసేవాళ్లు, తేనె డబ్బా పట్టుకున్న ముసలాయన. మా గుట్టలకు రాళ్లు తప్ప ఏమీ లేదనుకునేదాన్ని. ఇక్కడి గుట్టలు ఊళ్లకు ఊళ్లను సాకుతున్నాయి. ఇంకో గుట్ట, ఇంకో గుట్ట అనుకుంటూ ఘనపూర్ దిక్కు చేరాం.

అక్కడ ఒక గుట్ట మొదట్లో తండా ఉండేది. అవ్వ వయసే ఉన్న ఒక లంబాడీ ఆమె తునికాకు కోయడానికి పొద్దున్నే గుట్టెక్కేది. చేతుల నిండా గాజులు. ఆమె కనబడకముందే చెట్ల వెనక నుంచి ఆ చప్పుడు వినబడేది. నన్ను "ఛోరీ" అని, పిల్లా అన్నట్టు, పిలిచేది. ఆకు కోస్తూనే అవ్వతో ముచ్చట్లు. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఆమె ఈల వేస్తే అవతలి గుట్ట మీది మనిషి జవాబిచ్చేది. అవ్వ అది నేర్చుకోవాలని పట్టుబట్టింది. మూడు నాలుగు రోజులు ఉమ్ము, గాలి తప్ప ఏమీ రాలేదు. ఒక పొద్దున ఉన్నట్టుండి ఈల మోగింది. మందలో ముందు నడిచే ముసలి గొర్రె మేత ఆపి తలెత్తింది.

"ఆడిది ఈలేసుడేంది వదినె!" అన్నాడు చిన్నబాపు.

"గొర్రె తిరిగిందా లేదా? గది చెప్పు," అంది అవ్వ.

అంగట్లో ఉన్ని కొనేవాళ్లు వచ్చారని తెలిసి, అవ్వ, చిన్నబాపు కలిసి మందలో చాలావాటికి ఉన్ని కత్తిరించారు. తెల్లారి మధ్యాహ్నమే ఆకాశం నల్లబడింది. ఆకులు కదలలేదు. తర్వాత ఒక్కసారిగా గాలి, దాని వెనకే రాళ్లవాన. ఒక్కో గడ్డ రేగుపండంత, కొన్ని అంతకన్నా పెద్దవి. ఉన్ని లేని గొర్రెలు దెబ్బకు బెదిరి గుట్ట వాలు మీద ఎటుపడితే అటు ఉరికాయి. నేను గొంగడి తల మీద కప్పుకొని ఒక పిల్లను పొట్టకు అదుముకొని కూర్చుండిపోయాను.

పైనుంచి లంబాడీ ఆమె కేకలు పెడుతోంది. "ఓ గొల్లక్కా! గుండు కిందికి! పెద్ద గుండు కిందికి తోలు!"

ఆమె చూపిన చోట ఒక పెద్ద గుండు, ముందుకు వంగి, కింద ఇల్లంత జాగా ఉంది. కానీ మందను అటు మళ్లించడమెట్లా? అవ్వ అరుపు ఆ చప్పుడులో వినబడటం లేదు. అప్పుడామె రాళ్ల దెబ్బలకు నుదురు పగిలి నెత్తురు కారుతుండగానే రెండు వేళ్లు నోట్లో పెట్టుకుంది. ఒకసారి, ఇంకొకసారి. ముసలి గొర్రె ఆగింది. తిరిగింది. దాని వెనక మిగిలినవి తిరిగాయి. మేం ముగ్గురం, ఆ తునికాకు కోసే ఆమె, అందరం వాటిని నెట్టుకుంటూ గుండు కిందికి చేరాం. అవ్వ నుదుటి నెత్తురు కొంగుతో తుడుచుకుంది. కానీ ఆమె కళ్లు మెరుస్తున్నాయి. అది భయమో మరోటో నాకప్పుడు తెలియలేదు.

వాన ఆగాక బయటికి వచ్చి చూస్తే గుట్ట వాలంతా తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద అక్కడక్కడా నల్లగా మా గొర్రెలు, లేవకుండా. చిన్నబాపు ఒక్కోదాని దగ్గరికి పోయి కదిపి చూశాడు. చివరికి ఒక రాయి మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. తండావాళ్లు వచ్చారు. చచ్చినవాటిని పాడుచేయకుండా కోసి పంచుకొమ్మని అవ్వ చెప్పింది. వాళ్లు మాకు రొట్టెలు, కూర్చోవడానికి పొడి జాగా, నెగడు ఇచ్చారు.

"ఇగ నాతోని కాదు వదినె," అన్నాడు చిన్నబాపు తెల్లారి. "ఉన్నయన్ని అమ్ముకొని పోదం. నేను భీవండి పోత."

అతనే కిందికి పోయి గొర్రెలు కొనే ఒక ముసలి సాయిబును తోలుకొచ్చాడు. ఆయన సైకిల్ తండా దగ్గర వదిలి, ఆయాసపడుతూ గుట్టెక్కాడు. వీపు మీద చెయ్యి వేసి ఒక్కో గొర్రెనూ చూశాడు.

"క్యా బేటీ, అమ్మేదున్నదా, లేదా? సాఫ్ చెప్పు. నాకు మల్ల దూరం పోయేదున్నది."

"మా మరిది తన వంతుయి అమ్ముకుంటడు," అంది అవ్వ. "మా వంతుయి అమ్మేది లేదు."

చిన్నబాపు లేచి నిలబడ్డాడు. "ఒక్కదానివి ఎట్ల తోలుకపోతవ్ వదినె? గీ పోరితోనా?"

"ఒక్కదాన్నెట్లయిత? మంద లేదా?"

అతను చాలాసేపు బతిమాలాడు. అన్నకేం చెప్పాలన్నాడు. అవ్వ విన్నది, కానీ మాట మార్చలేదు. చివరికి మందను రెండు చేశారు. మావాటికి ఎడమ చెవి కోత, అతనివాటికి కుడి చెవి. ఎప్పుడూ ఒక్కటిగా తిరిగినవాటిని ఒక్కోదాన్ని పట్టి అటూ ఇటూ లాగుతుంటే వాటి అరుపులతో గుట్ట మారుమోగింది. రాళ్లవానలో తల్లి చచ్చిన ఒక పిల్ల ఉండేది, చిన్నబాపు వంతుది. దానికి వేరే గొర్రె పాలు నేనే తాగిస్తున్నాను. దాన్ని గొంగడి కింద దాచి, ఒట్టి గొంగడి మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. అది ఊరుకుంటుందా? మే అంది.

చిన్నబాపు నా వైపు చూశాడు. సాయిబు తాత కూడా చూశాడు.

"గది మీదే లే," అన్నాడు చిన్నబాపు, మొహం పక్కకు తిప్పుకొని.

సాయిబు తాత కళ్లు నులుముకున్నాడు. "నాకైతే యేం కనవడ్తలేదు బేటా. ముసలికండ్లు."

పోయేముందు చిన్నబాపు తన గొంగడి తీసి నా భుజాల మీద కప్పాడు. "గాడ గదులల్ల ఉంటరట. నాకెందుకిది," అన్నాడు. గుట్ట దిగి, మలుపు దగ్గర ఒకసారి ఆగాడు. వెనక్కి చూస్తాడనుకున్నాను. జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకొని వెళ్లిపోయాడు. తర్వాత అతను భీవండిలోనే స్థిరపడ్డాడు. అక్కడే పెళ్లి, పిల్లలు.

మా గొర్రెలు కొన్ని రోజులు సరిగా మేయలేదు. పోయినవాటి దిక్కు తిరిగి అరిచేవి, నడిచేవి, ఆగేవి. నేనూ అట్లాగే ఉన్నాను. అవ్వ మాత్రం అప్పటి నుంచే మారింది. తెల్లారకముందే లేచేది. తనలో తనే పాడుకునేది. మేత అయిపోతే గుట్ట మార్చాలి, అది సరే. మేత ఉండగానే మార్చడం మొదలుపెట్టింది. అవతల వాగుందట, ఆ వెనక ఇంకో గుట్ట ఉందట, దాని మీద నుంచి చూస్తే గోదారి గీతలాగా కనబడుతుందట.

తొలకరి పడింది. మిగిలిన మందలవాళ్లు పడమటికి తిరిగారు. మా ఊరి దిక్కువాళ్లు కూడా ఆగి పిలిచారు. "వస్తవా అక్కా, అందరం జమగ పోదం?"

"మీరు నడువుండ్రి. ఇంకొక గుట్ట సూసి వస్తం," అంది అవ్వ.

ఆ ఇంకొక గుట్ట ఎన్నిసార్లు అయిందో. నాకు బాపమ్మ చేతి జొన్నరొట్టె గుర్తొచ్చేది, బాపు గుర్తొచ్చేవాడు. "ఇంటికెప్పుడు పోతమవ్వా?" అంటే ఈలేసి మందను ముందుకు కదిలించేది. సాయంత్రాలు ఆమె గుండెక్కి నిలబడేది. మా ఊరు పడమర. ఆమె తూర్పుకు చూసేది.

ఆ తర్వాత నాకు జ్వరం తగిలింది. రెండో రోజుకు ఒళ్లు తెలియలేదు. మంద మళ్లీ ఆ తండా దగ్గరికి వచ్చినట్టు, గాజుల చప్పుడు నా చెవి పక్కనే వినబడినట్టు గుర్తు. ఆ లంబాడీ ఆమె నా కడుపు మీద, కాళ్ల మీద చెయ్యి పెట్టి చూసి అవ్వ మీద గట్టిగా అరిచింది.

"ఛోరీ కాలిపోతున్నది! నువ్వేమో గుట్టలంటున్నవ్. పో, ఇంటికి పో!"

అవ్వ ఏడ్చింది. బాపు కాలు విరిగినప్పుడు, గొర్రెలు చచ్చినప్పుడు, మంద రెండు ముక్కలైనప్పుడు ఆమె ఏడవలేదు. ఆ రోజు తండా వాకిట్లో కూర్చొని మోకాళ్ల మీద తల పెట్టుకొని ఏడ్చింది. నా కోసమే అనుకున్నాను. నా వల్ల అని అనుకోవడానికి నాకింకా వయసు రాలేదు. తెల్లారి మందను పడమటికి తిప్పింది. జ్వరం తగ్గేదాకా నన్ను గొంగట్లో వేసి వీపుకు కట్టుకొని నడిచింది.

మా ఊరి పొలిమేరకు రాగానే అవ్వ నడుముకు చుట్టిన కొంగు విప్పింది. దులిపింది. తల మీద వేసుకుంది. బాపు కర్ర పట్టుకొని కుంటుతూ ఎదురొచ్చాడు. కాలు వంకరగా అతుక్కుంది. గొర్రెల వీపులు నిమిరాడు, నా నుదురు నిమిరాడు. చిన్నబాపు సంగతి అడగలేదు. ఎవరో ముందే చెప్పినట్టున్నారు. అవ్వను చూసి, "సల్లంగ వచ్చిన్రు," అన్నాడు. అవ్వ తలూపి నేరుగా పొయ్యి దగ్గరికి పోయింది.

బాపు మళ్లీ దూరం నడవలేకపోయాడు. అందుకని తర్వాతి ఏడూ, ఆ తర్వాతి ఏడూ, మోకాళ్లు సహకరించినన్ని ఏళ్లూ అవ్వే తూర్పుకు పోయింది. ఊళ్లో వాళ్లు కొన్నాళ్లు నవ్వారు. తర్వాత అలవాటుపడ్డారు. ఎండాకాలం దగ్గరపడుతుంటే ఆమె ఇంట్లో ఒక చోట నిలిచేది కాదు. వండుతూ వండుతూ వాకిట్లోకి వచ్చి గాలి వాసన చూసేది.

నన్ను మాత్రం మళ్లీ తీసుకుపోలేదు. మరుసటి ఏడు నా బట్టలు మూట కట్టుకొని దొడ్డి దగ్గర నిలబడితే, మూట విప్పి, నన్ను జనగామలో మేనత్త ఇంట్లో దించి, బడిలో వేసింది. ఎంత ఏడ్చినా వినలేదు. జ్వరం తెచ్చుకొని ఆమె దారికి అడ్డం పడ్డానని, అందుకే నన్ను వదిలేసిందని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

నేను నర్సునయ్యాక, చుట్టుపక్కల జిల్లాల్లో ఎక్కడెక్కడో దవాఖానలకు బదిలీ అవుతూ ఉన్న రోజుల్లో, ఒకసారి అవ్వ నా దగ్గరికి వచ్చింది. అప్పటికి మంద లేదు, బాపు లేడు. చింతచిగురు ఏరుతూ కూర్చున్నాం. ఇన్నేళ్లూ లోపల పెట్టుకున్నది అడిగేశాను. "నన్ను మల్ల ఎందుకు తోల్కపోలేదవ్వా? జ్వరమొచ్చిందనా?"

ఆమె ఆశ్చర్యపోయింది. చేతిలో రెమ్మ అట్లాగే ఆగింది.

"జ్వరం యెవ్వలకు రాదు? అందుకు గాదు బిడ్డా. నిన్ను తోల్కపోతె నువ్వు సుత గుట్టలకు మరుగుతవని. మరిగినోళ్లకు ఇల్లు పట్టది. నేను మీ బాపు దగ్గర కూసున్నా నా పానం గుట్టల మీదనే ఉండె. నీకు గా బాధ వద్దనుకున్న."

అప్పటికి నేను ఆ ఊరికి వచ్చి చాలా నెలలయింది. నా పెట్టెలు ఇంకా తాళ్లు విప్పకుండానే గోడ వారగా ఉన్నాయి. మళ్లీ బదిలీ కావాలని అడిగిన సంగతి ఆమెకు చెప్పలేదు. అవ్వ ఆ పెట్టెల వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది. తల వంచుకొని చిగురు ఏరుతూ కూర్చుంది.